నంబరుకీ మాటకీ మధ్య ఖాళీ

చుక్కల బాబాయి ఆఖరుగా చేసిన పని, నంబరుకీ మాటకీ మధ్య ఉన్న ఖాళీని కాస్త పెంచడం.

మామూలు పనే. స్టైలు ఫైలు తెరిచి, జాబితాల సంగతి చూసే వరసలో ఒక అంకె మార్చి, మీట నొక్కాడు. పేజీలు కొత్తగా తయారై వచ్చేదాకా కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, "రా తల్లీ, రా" అని కంప్యూటర్ని బతిమాలాడు. పేజీలు వచ్చాయి. తెరకి ముక్కు ఆనించేంత దగ్గరగా జరిగి చూశాడు.

"ఇప్పుడు ఊపిరాడుతోంది దీనికి," అన్నాడు.

తన టీకప్పు కడిగి కిటికీ గట్టు మీద బోర్లించి, గొడుగు చంకన పెట్టుకుని, "పిచ్చుకా, వెళ్లొస్తా. ఫ్యాను ఆపడం మర్చిపోకు," అని మెట్లు దిగాడు. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాడు. బస్సు వచ్చింది, ఆయన లేవలేదు. పక్కనున్న మనిషి నిద్రపోయాడేమో అనుకుని భుజం తట్టాడట.

పిచ్చుక ఆయన అన్న కూతురు. కీబోర్డు మీద ఆమె వేళ్లు గింజలు ఏరుకుంటున్నట్టు టకటకలాడతాయని ఆయనే పెట్టిన పేరది. పెళ్లయి, ఒక బిడ్డకి తల్లయినా ఆ పేరు ఆమెని వదల్లేదు. టైర్ల షాపు పైన మూడు గదుల ఆఫీసు. పుస్తకాలకి పేజీలు తయారుచేసి ప్రెస్సుకి పంపడం అక్కడి పని. ముందు గదిలో యజమానురాలు, అందరికీ మేడమ్. వెనక గదిలో కిటికీ పక్క బల్ల బాబాయిది, తలుపు పక్క బల్ల పిచ్చుకది. కింద టైరుకి గాలి కొట్టినప్పుడల్లా పైన బల్లల మీద పెన్నులు వణికేవి.

అక్కడ పేజీని చేత్తో అమర్చరు. రాసిన మాటల మధ్య గుర్తులు పెడతారు. ఇక్కడ జాబితా మొదలు, ఇది ఒక అంశం, ఇది ఇంకో అంశం, ఇక్కడితో జాబితా సరి అని. ఆ జాబితా కంటికి ఎలా కనపడాలో, ఎంత లోపలికి జరిగి నిలబడాలో, ముందు చుక్క ఉండాలా నంబరు ఉండాలా, అదంతా స్టైలు ఫైలులో ఒక్కచోట రాసి ఉంటుంది. ఆ ఒక్కచోట ఒక్క మాట మారిస్తే పుస్తకం మొదటి నుంచి చివరిదాకా మారిపోతుంది. ఆ పనిలో సుఖమూ అదే, గుండెదడా అదే.

బాబాయికి జాబితాలంటే ప్రాణం. కథలూ వ్యాసాలూ ఎవరైనా పేరుస్తారు, జాబితా పేర్చడం వేరు అనేవాడు. రెండో వరస వచ్చి నంబరు కింద చేరితే ఒప్పుకునేవాడు కాదు. "నంబరు గుమ్మం దగ్గర నిలబడాలి, మాటలు లోపల కూర్చోవాలి. అందరూ గుమ్మంలోనే నిలబడితే అది ఇల్లా, రైలు డబ్బానా?" అనేవాడు. చుక్క లావుగా ఉంటే సన్నం చేసేవాడు, సన్నగా ఉంటే లావు చేసేవాడు, వెంట్రుకవాసి పైకి జరిపి, మళ్లీ కిందికి దించేవాడు. అలా చుక్కల బాబాయి అయ్యాడు. కొత్తగా వచ్చిన టీ కుర్రవాడు ఆ పేరు విని, ఆయన సాయంత్రాలు తాగుతాడు కాబోలు అనుకుని, చాలాకాలం ఆయనకి కాస్త దూరంగా నిలబడి కప్పు అందించేవాడు. సంగతి తెలిశాక బాబాయి ఆ కుర్రవాడి ముందు కావాలనే ఒకటి రెండుసార్లు తూలాడు కూడా.

నవ్వులాటగా సాగిన ఆ గదిలోకి భయం ఎప్పుడు జొరబడిందో పిచ్చుకకి బాగా గుర్తు. న్యాయశాస్త్రం చదివే పిల్లల పుస్తకమొకటి చేస్తున్నారు. ఒక అధ్యాయంలో లోపలి జాబితాలకి అ, ఆ, ఇ వచ్చాయి, తర్వాతి అధ్యాయంలో రోమన్ అంకెలు. బాబాయి చేతిలోంచి అలాంటిది ఎప్పుడూ రాలేదు. మేడమ్ కంటపడక ముందే పిచ్చుక సర్దేసింది. ఆ తర్వాత ఒక బడి పుస్తకంలో చుక్కలు రావాల్సిన చోట ఖాళీ గడులు వచ్చాయి. అదీ సర్దింది. ఒకరోజు కళ్లజోడు చక్కెర డబ్బాలో దొరికింది. ఒకరోజు ఆమెని, ఎప్పుడో పోయిన అత్తయ్య పేరు పెట్టి పిలిచాడు. పిలిచి, పలకలేదేం అని కోప్పడ్డాడు.

మేడమ్ మంచి మనిషే. మంచివాళ్లు అడిగే ప్రశ్నలకే పిచ్చుకకి ఎక్కువ భయం.

"బాబాయి గారు ఈ మధ్య కాస్త అలిసిపోతున్నట్టున్నారు కదమ్మా?" అంది ఒకరోజు మేడమ్, ఏదో ప్రూఫు తిరగేస్తూ, తల ఎత్తకుండా.

"లేదు మేడమ్. కళ్లజోడు మార్చాలి. అద్దాలు పాతబడ్డాయి, అంతే."

"అంతే అయితే సరే."

ఆ 'అయితే' పిచ్చుకని వదల్లేదు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆయన మెట్లు దిగే చప్పుడు ఆఖరి మెట్టుదాకా విని, అప్పుడు లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లి, దొంగలా ఆయన ఫైళ్లు తెరిచి చూసుకునేది. ఎక్కడైనా ఏమైనా జారిందా అని. చాలా రోజులు ఏమీ ఉండేది కాదు. ఎప్పుడో ఒకటి తన చెయ్యి దాటి మేడమ్ దాకా పోతుంది, ఆవిడ జాలిగా పిలిచి కుర్చీ చూపిస్తుంది, ఆయన ఆ కుర్చీలో కూర్చుని అద్దాలు తుడుచుకుంటూ వింటాడు. ఆ దృశ్యం ఇంట్లో బియ్యం కడుగుతున్నా, బిడ్డకి జడ వేస్తున్నా కళ్ల ముందుకొచ్చేది. ముప్పై ఏళ్లుగా ఆ చేతికి ఉన్న పేరు, చివరికొచ్చేసరికి 'పాపం, మతిపోయింది' అనే మాట కింద పడి నలిగిపోకూడదు. ఆమెకి కావలసింది అదొక్కటే.

వీటన్నిటికంటే భయపెట్టింది మాత్రం క్షవరం సంగతి.

ఒక ఆదివారం పిచ్చుక బిడ్డని తీసుకుని బాబాయి ఇంటికి వెళ్లింది. పిన్ని వాకిట్లోనే ఎదురైంది, చేతులు తుడుచుకుంటూ.

"మీ బాబాయి పొద్దున్నే సెలూన్‌కని పోయాడు. ఇంతవరకూ అయిపు లేదు. ఊళ్లోవాళ్ల తలలన్నీ ఈయనే గొరుగుతున్నాడా ఏంటి?"

"ఆదివారం కదా పిన్నీ, రద్దీ."

అన్నం వేళకి వచ్చాడు. చెప్పులు విప్పి, బిడ్డని ఎత్తుకుని, ముద్దు పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. పిన్ని ఆయన వెనక్కి వెళ్లి నిలబడింది. ముందుకొచ్చి నిలబడింది.

"తల ఏదీ?"

"ఏ తల?"

"కత్తిరించుకొచ్చిన తల. చెవుల మీద ఆ పొద అలాగే ఉందిగా!"

బాబాయి చెయ్యి పెట్టి తడుముకున్నాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏమీ లేదు. తర్వాత, "అరె!" అన్నాడు. "అసలు సంగతే మర్చిపోయానే!" అని పెద్దగా నవ్వేశాడు. బిడ్డ కూడా నవ్వింది. పిన్ని నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద గిన్నెలు పెట్టడం మొదలుపెట్టింది. పిచ్చుక వెనకాలే వెళ్లింది.

"సెలూన్‌కి పోయి జుట్టుతో తిరిగొచ్చే మనిషిని చూశావా ఎక్కడైనా?" అంది పిన్ని గొంతు తగ్గించి. "మరి అంతసేపూ ఎక్కడున్నాడే? రోడ్ల మీద తిరుగుతూ ఉన్నాడా? దారి మర్చిపోయాడా?"

"నువ్వు లేనిపోనివి ఊహించుకోకు పిన్నీ."

"ఆఫీసులో బాగానే ఉంటున్నాడా? నిజం చెప్పు."

"బంగారంలా ఉంటున్నాడు," అంది పిచ్చుక. అబద్ధం తడబడకుండా వచ్చినందుకు తనకే భయమేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. బాబాయి అన్నం తింటున్నంతసేపూ ఇద్దరూ ఆయన చేతినే చూస్తూ కూర్చున్నారు, ముద్ద నోటికి సరిగ్గా వెళ్తోందా లేదా అన్నట్టు.

ఆ రోజుల్లో చేస్తున్నది ఆసుపత్రి పుస్తకం. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లేవాళ్ల చేతికిచ్చే చిన్న పుస్తకం. మందులు, గాయం కట్టు, స్నానం, తిండి, నడక, ఎప్పుడు ఫోన్ చేయాలి. అంతా అంచెలంచెలుగా, నంబర్లు వేసి, ముందు ఇది చెయ్యి, తర్వాత ఇది చెయ్యి అని. పుస్తకం నిండా జాబితాలే కాబట్టి బాబాయి పెళ్లి పెత్తనం దొరికినట్టు పొంగిపోయాడు. టీ తాగుతూ కూడా దాని గురించే ఆలోచిస్తున్నట్టుండేవాడు. ఒక్కోసారి మాటలు ఎటో పోయేవి.

"పిచ్చుకా, ఒక ఊరుంది. పది వీధులు. ప్రతి వీధిలోనూ నాలుగో నంబరు ఇల్లుంది. ఎవడో అరిచాడు, నాలుగో నంబరు ఇల్లు తగలబడుతోందని. ఎటు పరిగెడతావు?"

"ఫైరింజన్‌కి ఫోన్ చేస్తా."

"వాళ్లెటు పోతారు?"

"బాబాయ్, టీ చల్లారిపోతోంది. ముందు తాగు."

ఆయన కప్పులోకి చూసి, ఆమె వంక చూసి, తాగేశాడు. ఆమెకి ఆ ఇళ్లూ ఆ మంటలూ విని గుండె జారింది. పిన్నికి చెప్పాలా వద్దా అని సాయంత్రందాకా కొట్టుకుంది. చెప్పలేదు.

తర్వాత బస్టాపు.

అన్నీ అయ్యాక పిచ్చుక మళ్లీ ఆఫీసుకి వచ్చేసరికి కప్పు అలాగే బోర్లించి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఆ సాయంత్రం ఫోన్ వచ్చి పరిగెత్తినప్పుడు ఆపడం మర్చిపోయింది, ఆ తర్వాత దాన్ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదేమో. ప్రెస్సువాళ్లు అప్పటికే మేడమ్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. ఆసుపత్రి పుస్తకం ఇవాళ పంపకపోతే మెషీను ఇంకో పనికి ఇచ్చేస్తామని.

ఆయన ఫైళ్లు ఆ ఒక్క సాయంత్రమే ఆమె చూసుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. పేజీలు తెప్పించింది. మందుల అధ్యాయం ఒకటి నుంచి మొదలైంది, చక్కగా. పేజీ తిప్పింది. గాయం కట్టు అధ్యాయం పద్నాలుగు నుంచి మొదలైంది.

ఇంకో పేజీ. స్నానం కూడా ఒకటి నుంచి మొదలు కాలేదు, కట్టు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకుంది. నడక దగ్గరికి వచ్చేసరికి డెబ్బైలు. ఆఖరి అధ్యాయంలో నంబర్లు నూరు దాటి పోతున్నాయి. మందుల తర్వాత ఎక్కడా ఒకటి లేదు, రెండు లేదు, తాడు తెంచుకున్న దూడలా పుస్తకం చివరిదాకా ఒకటే పరుగు.

ఎక్కడ జారిందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. జాబితా మధ్యలో ఏదైనా హెచ్చరిక పెట్టి, దాని కింద మళ్లీ జాబితా అందుకోవాలంటే 'కొనసాగించు' అనే ఆజ్ఞ ఒకటుంది. ఆ ఒక్క జాబితా నెత్తిన ఆ మాట పెడితే, పైది ఆగిన నంబరు నుంచి అది సాగుతుంది. ఆమెకి ఆ ఆజ్ఞ నేర్పింది ఆయనే. ఆ మాట ఇప్పుడు ఒక్క జాబితా నెత్తిన లేదు, స్టైలు ఫైలులో కూర్చుంది, జాబితాలన్నిటి నెత్తినా ఒకేసారి. ఒకదానికి పెట్టబోయి అన్నిటికీ పెట్టాడన్నమాట. ఈ పని చేసేవాళ్లు తప్ప మరొకరు చేయలేని తప్పు. కొత్తగా చేరినవాళ్లు చేస్తే చూసి నవ్వుకునే తప్పు.

కావాలని చేశాడేమో అని కూడా అనుకోకపోలేదు. ఎందుకంటే నంబరుకీ మాటకీ మధ్య ఖాళీ పెరిగి ఉంది, మూడంకెల నంబరు ఇరుకు పడకుండా పట్టేంత. అంటే ఆ నూరూ నూట అయిదూ ఆయన కళ్లతో చూశాడు. చూసి కూడా, ఇంత పెద్ద నంబర్లు ఎక్కడి నుంచి వచ్చాయని అనుకోలేదు, వాటికి చోటు చేసి ఊరుకున్నాడు. మంచం గదిలో పట్టడం లేదని గుమ్మం పగలగొట్టించాడే కానీ, ఈ మంచం మనదేనా అని అడగలేదు. అలా అనిపించగానే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. 'ఇప్పుడు ఊపిరాడుతోంది దీనికి' అని ఆయన ఎంత సంతోషంగా అన్నాడో గుర్తొచ్చింది. మతి అంతదూరం పోయిందన్నమాట. తనే గమనించలేదు.

ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే? ఏమని అడగాలి? మా బాబాయి తెలిసి చేశాడా, తెలియక చేశాడా అనా? ఆ ఒక్క ప్రశ్నతో ఇన్నాళ్లు దాచిందంతా ఊరంతా పాకుతుంది.

తలుపు దగ్గర చప్పుడైంది. మేడమ్. లోపలికి రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది. కిటికీ మీది కప్పు వైపు చూసి చూపు తిప్పుకుంది.

"అంతా బాగానే ఉందా అమ్మా?"

"ఉంది మేడమ్."

"ఏమీ అనుకోకు. ఆయన ఆఖరి ఫైలు కదా... ఒంట్లో ఎలా ఉండి చేశారో ఏమో. ఒక్కసారి ఆసుపత్రివాళ్లకి పంపి చూసుకోమందామా? ప్రెస్సువాళ్లని నేను బతిమాలుకుంటాలే."

పిచ్చుక తెరని తన ఒంటితో కప్పేలా కుర్చీ కొంచెం జరుపుకుంది. "బాబాయి చేతిలోంచి వచ్చాక మళ్లీ చూసుకోవడం ఏంటి మేడమ్? చుక్క కూడా పక్కకి జరగలేదు."

"నువ్వు చెప్తే అంతే," అంది మేడమ్. "ఆ మాట విని నాకు ఎంత నిశ్చింతగా ఉందో," అంది ఆగి. వెళ్లిపోయింది.

మేడమ్ కుర్చీలో కూర్చున్న చప్పుడు వినపడేదాకా ఆగి, పిచ్చుక ఆ మాట తీసేసింది. ఒక్క మాటే. మీట నొక్కింది. అన్ని అధ్యాయాలూ బుద్ధిగా ఒకటి నుంచి మొదలయ్యాయి. ఖాళీని కూడా పాత కొలతకి తేవాలి, చిన్న నంబర్లకి అంత చోటు ఎబ్బెట్టుగా ఉంది, పెద్దాయన చొక్కా తొడుక్కున్న పిల్లల్లా ఉన్నాయి అంకెలు. ఆ అంకె మీద వేలు పెట్టి, తీసేసింది. అదైనా ఉండనీ అనుకుంది. ఫైలు ప్రెస్సుకి పోయింది.

అచ్చయి వచ్చేదాకా ఆమెకి స్థిమితం లేదు. ఫోను మోగితే చాలు, ఎక్కడో ఒక నూటనాలుగు మిగిలిపోయిందని ఎవరో చెప్పబోతున్నట్టే ఉండేది. కట్టలు వచ్చాయి. ఒక పుస్తకం తీసి మెట్ల మీద కూర్చుని చివరిదాకా తిరగేసింది. ఎక్కడా తప్పు లేదు. ఆయన పేరు మీద మచ్చ పడలేదు. కింద ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు. ఆ మోతలో ఎవరికీ వినపడకుండా కాసేపు ఏడ్చింది.

ఆసుపత్రికి కట్టలు దింపించినరోజు పిచ్చుక కూడా వెళ్లింది. ఆఫీసు గదిలో సంతకం చేసినవాళ్లు, ఒక పుస్తకం ఫోను గదిలో నర్సమ్మకి ఇచ్చి వెళ్లమన్నారు. ఇంటికి వెళ్లిన రోగులు ఫోన్ చేస్తే జవాబు చెప్పేది ఆవిడేనట. వరండా చివర, మెట్ల కింద, ఒక బల్ల, రెండు ఫోన్లు, ఒక కుర్చీ, ఒక స్టూలు పట్టేంత గది. నర్సమ్మ ఫోను భుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకుని, పిచ్చుకని స్టూలు మీద కూర్చోమని సైగ చేసింది. ఎదురుగా ఆసుపత్రి పాత జిరాక్సు కాగితాలు పరిచి ఉన్నాయి.

"నాలుగు అర్థం కాలేదా? ఏ నాలుగు పెద్దమ్మా? మందుల నాలుగా, కట్టు నాలుగా?... కాదు, మీ ముందున్న కాగితంలో పైన ఏం రాసుందో చదవండి... కళ్లజోడు తెచ్చుకోండి, నేను ఉంటాను... ఆఁ. నడకా? నడక నాలుగా! అయ్యో, ఇందాకటి నుంచి నేను కట్టు విప్పమని చెప్తున్నానే! విప్పలేదు కదా?... అమ్మయ్య."

ఫోను పెట్టేసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "రోజూ ఇదే గోల. ఏదీ, కొత్త పుస్తకమా? మీరు చుక్కల బాబాయి గారి అమ్మాయా?"

"అన్న కూతుర్నండి. ఆ పేరు మీకెలా..."

"పేరేంటని అడిగితే ఆయన అదే చెప్పారు. పోయారని ఆఫీసులో అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదమ్మా." నర్సమ్మ పుస్తకం తెరిచింది. పేజీ తిప్పింది, ఇంకో పేజీ తిప్పింది. "ఇదేంటి, మళ్లీ ఒకటి నుంచే వచ్చాయే? నంబర్లు పుస్తకమంతా ఒకే వరసలో పోతాయన్నారుగా?"

"ఎవరన్నారండి?"

"ఆయనే. ఫోన్లో మీరు అందరినీ ఎక్కువగా అడిగే మాటేంటమ్మా అన్నారు. ఇప్పుడు విన్నారుగా, ఏ నాలుగు అనే కదా అడిగేది! అది విని ఒకటే నవ్వు. ఈ పుస్తకంలో ఒక్క నాలుగే ఉంటుంది, చూస్తూ ఉండమ్మా అన్నారు." ఆవిడ పిచ్చుక మొహం చూసి గొంతు తగ్గించింది. "ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదేమోలెండి. పర్వాలేదు, ఇన్నాళ్లూ అడిగాం, ఇక ముందూ అడుగుతాం. నంబరూ మాటా మాత్రం ఎంత విడివిడిగా ఉన్నాయో, ముసలివాళ్లకి హాయి."

రెండో ఫోను మోగింది. నర్సమ్మ ఎత్తి, కాసేపు విని, "ఏ ఆరు బాబూ?" అంది. పిచ్చుక కూర్చున్నచోటే కూర్చుని వింది. ఆ ఫోను అయ్యేదాకా లేవలేకపోయింది.

"ఆ స్టూలు మీదే కూర్చున్నారమ్మా ఆయనా," అంది నర్సమ్మ ఫోను పెట్టేస్తూ. "ఆదివారం. పొద్దున వచ్చి మధ్యాహ్నందాకా కదల్లేదు, ఒక్కో ఫోనూ వింటూనే ఉన్నారు. జుట్టు చెవుల మీదికి పడుతోంది. సెలవు రోజు ఇక్కడ కూర్చునే బదులు వెళ్లి క్షవరం చేయించుకోవచ్చు కదా బాబాయి గారూ అన్నాను. ఇంట్లో ఆ పని మీదే వచ్చానని చెప్పానమ్మా, మా ఆవిడకి తెలియనివ్వకు అన్నారు."